విదేశీ హాస్పిస్‌కు వీలునామాలో డబ్బు రాయాలంటే

ప్రశ్న: మాది విశాఖ, సీతమ్మధార. నాకు 71 ఏళ్లు. మావారి ఉద్యోగరీత్యా చాలాకాలం ఉగాండాలోని కంపాలాలో ఉన్నాం. నేనూ అక్కడ టీచరుగా చేశాను. నయంకాని జబ్బులతో ఉన్నవారికి నొప్పి తగ్గించి సేవచేసే అక్కడి హాస్పిస్‌కు అప్పటినుంచీ ఏటా కొంత పంపుతున్నాను. నా తదనంతరం 15 లక్షలు దానికి చెందేలా వీలునామా రాస్తానంటే, ‘ఇక్కడ రోగులు లేరా?’ అని అబ్బాయి మాట్లాడటం మానేశాడు. అమ్మాయి ఏమీ అనదు. ఇల్లు మావారి పేరున ఉంది. ఆయన వీలునామా రాయలేదు. డిపాజిట్లలో కొన్ని నా సంపాదన, కొన్ని ఆయన పోయాక నామినీగా నాకొచ్చినవి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ కోరిక మంచిదే, చట్టానికి విరుద్ధమూ కాదు. కానీ ఎంత రాయాలో తేల్చుకునే ముందు, మీరు రాయగలిగింది ఎంతో చూడాలి. అబ్బాయి కోపానికి సగం కారణం అక్కడే ఉండొచ్చు.

మీరు హిందువులైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన భర్త స్వార్జితం భార్యకు, పిల్లలకు, ఆయన తల్లి ఉంటే ఆమెకు సమానంగా వస్తుంది. మీ అత్తగారు అప్పటికే లేకపోతే ఆ ఇంట్లో మీది మూడో వంతే. నామినీగా వచ్చిన డిపాజిట్లదీ అదే లెక్క. బ్యాంకు నామినీ చేతికి డబ్బిస్తుంది గానీ, అంతమాత్రాన ఆ డబ్బు నామినీ సొంతమైపోదు. అందులో పిల్లల వాటాలున్నాయి. కాబట్టి ఒక కాగితం మీద మీ సంపాదన ఒకపక్క, ఆయనది ఇంకోపక్క రాయండి. హాస్పిస్‌కు ఇచ్చేది మీ సంపాదనలోంచే ఇవ్వండి. ఆ కాగితం అబ్బాయికి, అమ్మాయికి ఒకే రోజు, ఒకే చోట చూపించండి. అమ్మాయి మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు. ఆమెకూ అంతే హక్కుంది, నోరు తెరిచి అడగండి.

ఆ హాస్పిస్ ఏం చేస్తుందో అబ్బాయికి ఎప్పుడైనా వివరంగా చెప్పారా? డాక్టర్ ఆన్ మెరిమన్ 1993లో కంపాలాలో హాస్పిస్ ఆఫ్రికా ఉగాండాను మొదలుపెట్టిన నాటినుంచి అక్కడ మార్ఫిన్ అనే నొప్పి మందు పొడిని నీళ్లలో కలిపి, నోటితో తాగే మందుగా ఇస్తున్నారు. గాఢత పొరబడకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు. క్యాన్సర్ నొప్పితో ఉన్న మనిషి ఆసుపత్రిలో పడి ఉండకుండా ఇంట్లోనే తాగొచ్చు. డాక్టర్లు కరువైన ఆ దేశంలో 2004 నుంచి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా దాన్ని రాసివ్వగలుగుతున్నారు. ఇది విన్నాక కూడా ‘ఇక్కడివాళ్లకివ్వమ్మా’ అంటే ఆ మాటలో న్యాయముంది. కొంత భాగం ఇక్కడి పాలియేటివ్ కేర్ (నయంకాని రోగులకు బాధ తగ్గించే సేవ) సంస్థకు కేటాయించండి.

ఇక డబ్బు పంపడం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఎక్కువ భాగం మీరుండగానే పంపండి. దేశంలో ఉంటున్న వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపుకునే రిజర్వు బ్యాంకు వెసులుబాటు బతికున్న మనిషికే. మీ తర్వాత ఎగ్జిక్యూటర్ (వీలునామాను అమలు చేసే వ్యక్తి) విదేశీ సంస్థకు పంపబోతే, రిజర్వు బ్యాంకు అనుమతి తెమ్మని బ్యాంకు ఆపేయవచ్చు. మీరైతే పాన్, విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు అయిన ఫారం ఏ2 ఇచ్చి, విదేశీ ధర్మసంస్థలకు విరాళం అనే ఎస్1303 కోడ్‌తో పంపొచ్చు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలుచేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్ను వేస్తే అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. మార్చిలో కొంత, ఏప్రిల్లో కొంత పంపితే, ఆ రెండేళ్లలోనూ మీరు విదేశాలకు పంపే మొత్తం 10 లక్షల లోపే ఉన్నంతవరకు ఆ బెడదే ఉండదు. ఇక్కడి సంస్థలకిచ్చే విరాళానికి దొరికే పన్ను మినహాయింపు మాత్రం దీనికి దొరకదు. మీ మందులకు, మనిషిని పెట్టుకోవడానికి కావలసింది పక్కన పెట్టకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

మిగిలింది వీలునామాలో రాయండి, కానీ ‘15 లక్షలు’ వంటి అంకె వేయకండి. చివరి రోజుల్లో ఆసుపత్రి ఖర్చులకు డిపాజిట్లు కరిగిపోతే, అంకె వేసి రాసింది ముందు చెల్లించాలి, మిగతాదే పిల్లలకు. ‘అప్పులు, వైద్యం ఖర్చులు పోగా నా సొంత డిపాజిట్లలో పదో వంతు’ అన్నట్టు రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు. ఇంట్లో మీ వాటాను సంస్థ పేరున రాయొద్దు. ఆ సంస్థ లేకపోయినా, రెండేళ్లలో డబ్బు పంపడం కుదరకపోయినా ఇక్కడి ఫలానా సంస్థకు చెందాలని ఇంకో వాక్యం తప్పక చేర్చండి. చాలా వీలునామాల్లో లేనిది ఆ వాక్యమే.

ఇద్దరు సాక్షులు, మీకంటే చిన్నవాళ్లు, వీలునామాలో ఏమీ రానివాళ్లు సంతకం చేయాలి. ఒకరు మీ డాక్టరైతే మరీ మంచిది. ఎగ్జిక్యూటర్ విశాఖలోనే ఉండే మనిషైతే బ్యాంకు చుట్టూ తిరగగలడు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చేయించండి, తర్వాత ‘అది అమ్మ సంతకం కాదు’ అనే మాట రాకుండా ఉంటుంది. మీ సొంత డిపాజిట్లకు అబ్బాయి ఒక్కడే నామినీగా ఉంటే అదీ మార్చండి. లేదంటే డబ్బంతా ముందు అతని చేతికొస్తుంది, ఎగ్జిక్యూటర్ అతన్నే అడుక్కోవాలి.

లాయరు దగ్గరికి వెళ్లే ముందే హాస్పిస్‌కు ఉత్తరం రాసి పూర్తి పేరు, నమోదు సంఖ్య, చిరునామా లెటర్‌హెడ్ మీద తెప్పించుకోండి. దాన్ని ఆదుకునే సంస్థలు ఇంగ్లండులోనూ ఉన్నాయి. పేరులో ఒక్క మాట తేడా వస్తే డబ్బు ఎవరికి చెందాలో తేల్చడానికే కోర్టుకెక్కాల్సి రావచ్చు.