ఏ బాధా లేనప్పుడు గుండెకు కాల్షియం స్కాన్ అవసరమా?

మీ నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, మీకు 46, ఏ ఇబ్బందీ లేదు, కాల్షియం స్కాన్ తీయించుకోవాలా అని అడిగారు. నేను తీయించుకున్నాను. నా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కొంచెం ఎక్కువగా ఉండేది, దాన్ని తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టాలా వద్దా అనేది డాక్టరుగారికీ నాకూ తేలలేదు. అలా తేలనప్పుడే ఈ స్కాన్ పనికొస్తుంది. ఫలితం ఏదైనా మీ నిర్ణయం మారదనుకుంటే చేయించుకోకండి.

పరీక్ష చాలా తేలిక. సూది ఉండదు, డై ఎక్కించరు. ఛాతీకి ఈసీజీ వైర్లు అంటించి, సీటీ మెషీన్‌లో కాసేపు ఊపిరి బిగబట్టమంటారు. రేడియేషన్ సుమారు 1 మిల్లీసీవర్ట్. గుండె రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని లెక్కగట్టి అగాట్‌స్టన్ స్కోరు ఇస్తారు. 100 దాటితే సాధారణంగా స్టాటిన్ వాడమంటారు.

నాకు 130 వచ్చింది. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, నాళం మూసుకుపోయిందేమోనని. ఈ స్కోరు గోడల్లో ఎంత కాల్షియం చేరిందో చెబుతుందే తప్ప, రక్తం పారే దారి ఎంత ఇరుకైందో చెప్పదని డాక్టరుగారు ఓపిగ్గా వివరించారు. యాంజియోగ్రామ్ జోలికి వెళ్లకుండా స్టాటిన్ రాశారు. వాడుతున్నాను.

మీ విషయంలో నాకు ఎక్కువ భయం సున్నా వస్తే ఏమవుతుందోనని. సున్నా మంచి ఫలితమే, కాదనను. కానీ ఇంకా గట్టిపడని మెత్తటి ప్లేక్ (నాళాల గోడల్లో పేరుకునే కొవ్వు పూడిక) ఈ స్కాన్‌లో కనబడదు. నాన్నగారికి 55 లోపే వచ్చింది కాబట్టి, సున్నా వచ్చినా స్టాటిన్ అక్కర్లేదని మీ అంతట మీరే తేల్చేయకండి. షుగర్ ఉన్నవాళ్లకూ, సిగరెట్ తాగేవాళ్లకూ ఇదే మాట.

స్టాటిన్ మొదలుపెట్టాక, మందు పనిచేస్తోందా అని చూడ్డానికి మళ్లీ మళ్లీ స్కాన్ తీయించకండి. ప్లేక్ గట్టిపడి స్కోరు పెరగొచ్చు కూడా, అది చూసి మందు మానేస్తే ప్రమాదం. పనితనం తెలిసేది రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ చూస్తేనే.

నడిస్తే ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వస్తున్నా ఈ స్కాన్ కోసం ఆగకండి, వెంటనే డాక్టరును కలవండి. ఏ బాధా లేదంటే, స్కాన్ సంగతి మాట్లాడేటప్పుడే లైపోప్రోటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) రక్తపరీక్ష గురించి కూడా అడగండి. అది చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది, చాలామందికి ఒక్కసారి చూస్తే సరిపోతుంది.