గుర్రాన్ని పోషించాలంటే ఏ ఉద్యోగం చేయాలి?

ప్రశ్న: నా వయసు 34. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయనది కూడా ఉద్యోగమే. ఇంటి లోన్ ఇంకా 11 ఏళ్ళు కట్టాలి, ఆరేళ్ళ పాప ఉంది. నాలుగేళ్ళుగా వారానికి రెండు రోజులు గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను. మొదటి నుంచీ నేను ఎక్కుతున్న ఆడగుర్రాన్ని స్కూలు వాళ్ళు అమ్మేస్తున్నారు, దాని వయసు 11. నాకైతే తక్కువకే ఇస్తామన్నారు. అది ఇంకెవరి చేతికో వెళ్ళిపోతుందంటే నిద్ర పట్టడం లేదు. గుర్రాలున్నవాళ్ళు అసలు ఏం పని చేసి వాటిని పోషిస్తారు? అందరూ బాగా డబ్బున్నవాళ్ళేనా? నేను ఉద్యోగం మానేసి రైడింగ్ నేర్పే పనిలోకి వెళ్తే గుర్రం ఖర్చు అందులోనే కలిసిపోతుందా? పర్సనల్ లోన్ తీసుకుని కొనేయమంటారా? మా ఆయనకు మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీరు అడిగిన మొదటి మాటకే జవాబు చెప్తాను. లేదండీ, అందరూ డబ్బున్నవాళ్ళు కాదు. సలహా కోసం నా దగ్గరకు వచ్చినవాళ్ళలో సొంత గుర్రం ఉన్నవాళ్ళు కొందరున్నారు. ఒకామె నర్సు, నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంటుంది, పగలు లాయానికి వెళ్ళడానికి. ఒకాయన ఎలక్ట్రీషియన్, సొంతంగా పనులు పట్టుకుంటాడు కాబట్టి తన రోజు తన చేతిలో ఉంటుంది. ఒక టీచరు ఉన్నారు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ దంపతులున్నారు, మీలాగే లెక్కలు చూసే ఆమె కూడా ఒకరున్నారు. పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన గుర్రం కొని రెండేళ్ళకే అమ్ముకున్నాడు, డబ్బు చాలక కాదు, నెలలో సగం రోజులు ప్రయాణాల్లోనే గడిచేవి, గుర్రం మొహం చూసే తీరిక ఉండేది కాదు.

వీళ్ళలో ఏళ్ళ తరబడి గుర్రాన్ని నిలబెట్టుకున్నవాళ్ళందరిలో నాకు కనిపించినవి రెండే. జీతం ఎంత అన్నది కాదు, ఆ జీతం ప్రతి నెలా ఒకేలా వస్తుందా, రోజులో రెండు మూడు గంటలు వాళ్ళ చేతిలో ఉంటాయా, ఈ రెండూ. గుర్రం డబ్బుతో పాటు టైమ్ కూడా తింటుంది, పైగా ఒకటి తగ్గితే రెండోది పెంచాల్సిందే. మీరే వెళ్ళి మేత వేసి, లాయం శుభ్రం చేసి, మాలిష్ చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. అదంతా లాయం వాళ్ళే చూసుకోవాలంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. అందుకే ఎక్కువ జీతం కోసం ఎక్కువ గంటల ఉద్యోగంలోకి వెళ్ళినవాళ్ళు ఆ పెరిగిన జీతాన్ని తీసుకెళ్ళి, తాము చేయలేకపోతున్న పనికి ఇంకొకరికి కడుతుంటారు, చేతిలో మిగిలేది పాతంతే, గుర్రంతో గడిపే టైమ్ మాత్రం పోయింది. అకౌంట్స్ పనిలో నెలాఖరు, సంవత్సరాఖరు హడావిడి తప్పించి మిగతా రోజుల్లో ఇంటికి వేళకే వస్తారనుకుంటాను. అలా అయితే మీ ఉద్యోగం గుర్రానికి చాలా మంచి ఉద్యోగం, దాన్ని వదలకండి.

ఇక రైడింగ్ నేర్పే పని గురించి. మీ ఇష్టం నాకు అర్థమవుతోంది, కానీ దీనికి నేను గట్టిగా వద్దనే చెప్తాను. గుర్రాల చుట్టూ ఉన్న పనుల్లో నిలకడైన రాబడి ఉన్నవి కొన్నే. పశువైద్యం ఒకటి, దానికి ఏళ్ళ చదువు కావాలి. గిట్టలు చెక్కి నాడాలు కొట్టే పని ఇంకోటి, చేతినిండా పని ఉంటుంది కానీ రోజంతా నడుము వంచి అరటన్ను బరువున్న జంతువు కాలు పట్టుకునే పని, నడుం పట్టేస్తే రాబడి ఆగిపోతుంది. నేర్పే పనిలో, లాయం పనిలో జీతాలు మామూలుగా తక్కువే, పైగా రోజంతా ఇతరుల గుర్రాలతో గడిపాక సాయంత్రం సొంత గుర్రాన్ని ఎక్కే ఓపిక ఉండదని ఆ పనిలో ఉన్నవాళ్ళే చెప్తారు. వీటన్నిటి కంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. రేపు మీరు గుర్రం మీంచి పడి కాలు విరిగిందనుకోండి, దేవుడి దయవల్ల అలా జరగకూడదు, ఇప్పుడైతే ఆఫీసులో సెలవు పెట్టి జీతంతో ఇంట్లో ఉండొచ్చు, కొన్నాళ్ళకు కూర్చునే పనికి వెళ్ళిపోవచ్చు. అదే స్వారీ నేర్పి బతుకుతుంటే కాలూ, జీతమూ ఒకేరోజు పోతాయి, గుర్రం మాత్రం ఆ పూట కూడా మేత అడుగుతుంది. రాబడినీ ఇష్టాన్నీ ఒకే కొమ్మకు వేలాడదీయడం అంటే ఇదే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

పిల్లల్ని పుట్టించి అమ్ముతామని కూడా కొందరు లెక్క వేస్తారు. మీరు అడగలేదు కానీ ఆడగుర్రం కాబట్టి ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు, అందుకని ముందే చెప్తున్నాను. కడుపు మోసే కాలమే దాదాపు 11 నెలలు. పుట్టిన పిల్లను స్వారీకి అలవాటు చేయాలంటే ఇంకో మూడేళ్ళు ఆగాలి. అంటే చేతికి డబ్బు రావాలంటే దాదాపు నాలుగేళ్ళు, అందులో మూడేళ్ళు రెండు గుర్రాల ఖర్చు, తల్లికో పిల్లకో కాన్పులో ప్రమాదం జరిగే అవకాశం వేరు. అది రాబడి కిందకు రాదు.

ఇప్పుడు ఖర్చు. తక్కువకే ఇస్తామన్నారు అన్నారు కదా, ఆ ధర మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగమండీ, దాన్ని చూసి తొందరపడకండి. గుర్రం తన బరువులో రోజుకు 1.5 నుంచి 2 శాతం దాకా ఎండుమేత తింటుంది. మీ గుర్రం 450 కిలోలు ఉందనుకుంటే రోజుకు 9 కిలోల దాకా ఎండుగడ్డి, అంటే ఏడాదికి దాదాపు మూడు టన్నులు, అదీ వానలు సరిగ్గా పడని ఏడాది ధర పెరిగినా తగ్గించలేని మూడు టన్నులు. పేడ రోజుకు 20 కిలోలు దాటుతుంది, దాన్ని ఎత్తి పారేయడానికీ ఖర్చే. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, నాడాలు వేస్తే అప్పుడే అవి తీసి మళ్ళీ వేయించాలి, ఏడాదికి ఏడెనిమిది సార్లు అనుకోండి. గుర్రం పళ్ళు జీవితాంతం బయటికి వస్తూనే ఉంటాయి, అంచులు పదునెక్కి బుగ్గ కోసుకుపోతుంది కాబట్టి కనీసం ఏడాదికోసారి పళ్ళు చూపించి అరగదీయించాలి. ధనుర్వాతం టీకా, ఇతర టీకాలు, నులిపురుగుల పరీక్ష, పరుపుగడ్డి, జీను మరమ్మతు, ఇవన్నీ ఉంటాయి. మీరు పనిచేసేదే లెక్కల్లో కాబట్టి వీటికి లెక్క ఎలా వేయాలో నేను చెప్పక్కర్లేదు. ఏడాది మొత్తం ఖర్చు రాసి పన్నెండుతో భాగించండి, మేత, లాయం అద్దె మాత్రమే లెక్కేసి ఇదే నెల ఖర్చు అనుకోకండి, చాలామంది పడే పొరపాటు అదే.

ఆ నెల అంకె వచ్చాక దాన్ని మీ జీతంతో పోల్చొద్దు, మిగులుతో పోల్చండి. ఇంటి లోన్, ఇంటి ఖర్చులు, పాప చదువుకు పక్కన పెట్టేది, మీ ఇద్దరి రిటైర్మెంట్ పొదుపు, ఇవన్నీ తీసేశాక నెలకు మిగిలేది ఎంతో అందులో గుర్రం సగం కంటే ఎక్కువ తినకూడదు. ఇది నేను పెట్టుకున్న కొలత, పుస్తకంలోది కాదు. మిగిలిన సగం ఎందుకంటే గుర్రంతో పాటు జీవితంలో ఇంకా ఏవో జరుగుతాయి, పాపకు జ్వరం వస్తుంది, ఇంట్లో ఏదో పాడవుతుంది, మీ వారికి ఉద్యోగం మారాల్సి వస్తుంది. రిటైర్మెంట్ పొదుపు ఆపేసి గుర్రాన్ని పోషించినవాళ్ళను నేను చూశాను, వాళ్ళ బాధంతా ఏమిటంటే గుర్రం ముసలిదయ్యే టైమ్‌కే వీళ్ళూ అలిసిపోయి ఉంటారు, అప్పుడు ఇద్దరినీ పోషించే డబ్బు ఉండదు.

ముసలితనం అన్నాను కాబట్టి, ఇది మీరు తప్పకుండా ఆలోచించాల్సిన విషయం. గుర్రాలు మామూలుగా 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతాయి. మీ గుర్రానికి ఇప్పుడు 11. అంటే మీరు సంతకం పెట్టేది మరో 15, 18 ఏళ్ళ ఖర్చుకు. అందులో చివరి కొన్నేళ్ళు దాని మీద ఎక్కడానికి కూడా ఉండదు, కీళ్ళు పట్టేస్తాయి, పళ్ళు అరిగిపోయి గడ్డి నమలలేక నానబెట్టిన దాణా పెట్టాల్సి వస్తుంది, ఖర్చు తగ్గదు సరికదా పెరగొచ్చు. అప్పటికి మీ పాపకు ఇరవై దాటుతాయి, పెద్ద చదువు ఖర్చు కూడా దాదాపు అదే టైమ్‌లో వస్తుంది. నాలుగేళ్ళుగా మిమ్మల్ని మోసిన గుర్రాన్ని అప్పుడు ఎవరికో ఇచ్చేసే మనిషిలా మీ ఉత్తరం చదివితే అనిపించలేదు, అందుకే ఆ ఏళ్ళకు కూడా ఇప్పుడే లెక్క వేయమంటున్నాను.

ఇక అసలు టెన్షన్ పెట్టే విషయం, కడుపునొప్పి. గుర్రాలవాళ్ళు కోలిక్ అంటారు. గుర్రం వాంతి చేసుకోలేదు, పేగు చాలా పొడవు, గ్యాసు చేరినా, మేత అడ్డుపడినా, పేగు మెలికపడినా ఈ నొప్పి వస్తుంది. చాలావరకు డాక్టరు వచ్చి మందులిస్తే తగ్గిపోతుంది, కానీ కొన్నిసార్లు గంటల్లో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, అది చాలా పెద్ద ఖర్చు. ఆ నిర్ణయం అర్ధరాత్రి లాయంలో, గుర్రం నేల మీద పొర్లుతుంటే, డాక్టరు మీ మొహం చూస్తుంటే తీసుకోవాల్సి ఉంటుంది. నా క్లయింట్ ఒకామె ఆ రాత్రి మూడు క్రెడిట్ కార్డులు వాడింది, గుర్రం బతికింది, అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది, ఆ నాలుగేళ్ళూ ఇంట్లో గొడవలే. ఆమె చేసింది తప్పని నేను అనను. కానీ అలాంటి రాత్రి కోసం ముందే మీరూ, మీ వారూ, డాక్టరుతో కలిసి కూర్చుని ఎంత వరకు వెళ్తాం, ఎక్కడ ఆగుతాం, ఆగితే దానికి బాధ లేకుండా ఎలా సాగనంపుతాం అన్నది మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి. మాట్లాడటం కష్టమే, అయినా మాట్లాడండి. మీ వారి టెన్షన్‌లో సగం ఆ ఒక్క కాగితంతో తగ్గుతుందని నా నమ్మకం.

డబ్బు వైపు నుంచి చెప్పాలంటే, ఇంటికి ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా ఉండాలి, గుర్రానికి ఆరు నెలల ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి, రెండూ కలవకూడదు. గుర్రానికి ఇన్సూరెన్స్ దొరికితే తీసుకోండి, కానీ పాలసీ చివరిదాకా చదవండి. ఇంతకుముందే ఉన్న జబ్బులు మామూలుగా కవర్ కావు, వయసు పెరిగేకొద్దీ కవర్ తగ్గిస్తారు, చనిపోతే వచ్చే డబ్బు వేరు, వైద్యానికి వచ్చే డబ్బు వేరు. గుర్రం తప్పించుకుని రోడ్డు మీదకు వెళ్ళి ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ బాధ్యత మీ మీద పడొచ్చు, దానికీ కవర్ ఉందో లేదో చూడండి. అలాగే మీ సొంత ఆరోగ్య, ప్రమాద పాలసీల్లో గుర్రపు స్వారీని మినహాయించారేమో ఈ వారమే తీసి చదవండి, ఎందుకంటే నాలుగేళ్ళుగా మీరు ఎక్కుతూనే ఉన్నారు కదా.

పర్సనల్ లోన్ మాత్రం వద్దు. గుర్రం ధర కోసమే లోన్ కావాల్సి వస్తుందంటే ఆపరేషన్ రోజు చేతిలో ఏమీ ఉండదని అర్థం. ఇంకో దారి ఉంది. మీలాగే ఆ గుర్రాన్ని ఎక్కేవాళ్ళు, దాన్ని ఇష్టపడేవాళ్ళు స్కూల్లో ఇంకెవరైనా ఉన్నారేమో అడగండి. ఖర్చు చెరి సగం, రోజులు చెరి సగం పెట్టుకుని ఒక గుర్రాన్ని ఇద్దరు చూసుకోవడం చాలాచోట్ల ఉన్నదే, మీరు వారానికి రెండు రోజులే ఎక్కుతున్నారు కాబట్టి మీకు లోటేమీ ఉండదు, గుర్రానికి కూడా మంచిదే, రోజూ కాస్త పని ఉంటుంది. కాకపోతే యజమాని ఎవరు, డాక్టరు బిల్లు ఎవరు కట్టాలి, ఒకరు తప్పుకుంటే ఏమిటి అన్నవి స్నేహం మీద వదిలేయకుండా రాసుకోండి. లేదంటే స్కూలు వాళ్ళనే ఆరు నెలలు లీజుకు ఇవ్వమని అడగండి, అమ్మకం తొందరగా తేలిపోవాల్సిన పరిస్థితి వాళ్ళకు లేకపోతే ఒప్పుకునే అవకాశం ఉంది. ఆ ఆరు నెలలూ ఖర్చు మీ చేతుల మీదుగా వెళ్తుంది, ఇంట్లో అందరికీ అది ఎలా ఉంటుందో తెలుస్తుంది.

వాళ్ళు లీజుకు ఒప్పుకోకపోతే, పైన చెప్పిన మిగులు లెక్క మీకు సరిపోయి, దాచుకున్న డబ్బులోంచి అత్యవసర నిధి ముట్టుకోకుండా ధర కట్టగలిగితే కొనండి, నేను అడ్డం చెప్పను. అయితే డబ్బిచ్చే ముందు స్కూలుకు వచ్చే డాక్టరు కాకుండా వేరే డాక్టరును పిలిచి పరీక్ష చేయించండి, నడిపించి, పరుగెత్తించి కాళ్ళు చూడమనండి, గిట్టలు, పళ్ళు, కళ్ళు, గుండె, ఊపిరి అన్నీ. ఇంతకుముందు ఎప్పుడైనా కోలిక్ వచ్చిందా అని స్కూలు వాళ్ళను రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళు తర్వాత మిమ్మల్ని అడిగేది అదే. ఆ రోజు మీ వారిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆయన ఇప్పటిదాకా ఖర్చు గురించి విన్నారు కానీ ఆ గుర్రాన్ని దగ్గరగా చూసి ఉండరనుకుంటాను.