గీత దాటిన బంతి

సికింద్రాబాద్,
14 జూన్ 2024

చిరంజీవి చిన్నాకు,
తాతయ్య ఆశీస్సులు.

మంగళవారం రాత్రి దోహాలో ఖతర్‌తో మన ఫుట్‌బాల్ జట్టు ఆడిన ప్రపంచకప్ అర్హత మ్యాచ్ అయిపోగానే టీవీ రిమోట్‌ను గోడకేసి కొట్టావనీ, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయావనీ, మర్నాడు కాలేజీ కూడా ఎగ్గొట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నిన్ను గట్టిగా మందలించే పని నా నెత్తిన పెట్టింది. ఆ మ్యాచ్ నేనూ చూశాను కనుక మందలించడానికి నోరు రావడం లేదు.

73వ నిమిషం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఖతర్ ఆటగాడు తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. అది పక్కకు దొర్లి, స్తంభం పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. మనవాళ్లు ఆట ఆగిందనుకుని నిలబడిపోయారు. ఖతర్ వాళ్లలో ఒకడు బంతిని కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్లోకి తోశాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ దశ మ్యాచ్‌లకు వీడియో రిఫరీ కూడా లేడు. ఛాంగ్టే గోల్‌తో ముందున్న మన జట్టు, అర్హత పోటీల మూడో రౌండ్ గడప మీద కాలుపెట్టిన జట్టు, 85వ నిమిషంలో రెండో గోల్ కూడా ఇచ్చుకుని బయటికొచ్చింది. అన్యాయమే. అన్యాయాన్ని అన్యాయం అనడానికి ఎవరూ వెనకాడనక్కర్లేదు.

అయితే ఒక మాట. ఆ రిఫరీ ఫొటో వెతికి పట్టుకుని దాని కింద ఏదో రాశావట. ఏం రాశావో మీ అమ్మ నాకు చదివి వినిపించలేకపోయింది. ఈ ఉత్తరం పూర్తిగా చదివే ముందు అది తీసేసి రా. నేను ఆగుతాను.

తీసేశావా? మంచిది. ఇక ముందు ఓడిన రాత్రి ఫోను మీ అమ్మ చేతికిచ్చి పడుకో. ఆ రాత్రి మనిషికి తోచేవన్నీ తెల్లారాక సిగ్గుపడాల్సినవే. ఒకప్పుడు ఫతే మైదాన్‌లో మా జట్టు ఓడిపోయిందని ఎవరితోనూ మాట్లాడకుండా ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాద్ దాకా నడిచి వచ్చాను. దారి పొడుగునా ఆ రిఫరీని తిట్టుకుంటూనే ఉన్నాను. పొద్దున మా నాన్న "సైకిలేదిరా?" అని అడిగాక గుర్తొచ్చింది, సైకిలు మైదానం బయట స్టాండులోనే ఉందని. స్టాండువాడు రెండు రోజుల అద్దె వసూలు చేశాడు. పైగా, "నిన్న ఇలా వదిలేసి పోయినవాళ్లు మీతో కలిపి ముగ్గురు" అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పేది కాస్త ఓపిగ్గా చెయ్యి. నోటుబుక్కు తీసి, ఈ మ్యాచ్ నుంచి వెనక్కి లెక్క రాసుకుంటూ వెళ్లు. గ్రూపులో మనం ఆడింది ఆరు మ్యాచ్‌లు. 2023 నవంబరులో కువైట్‌ను వాళ్ల ఊళ్లోనే 1-0తో కొట్టాం. ఆ తర్వాత భువనేశ్వర్‌లో ఖతర్ చేతిలో 0-3. మార్చిలో అఫ్గానిస్థాన్‌తో సౌదీలోని అభాలో 0-0. అదే అఫ్గానిస్థాన్‌తో గువాహటిలో మన కెప్టెన్ ఛెత్రి పెనాల్టీతో ముందుండి, రెండో సగంలో రెండు గోల్స్ ఇచ్చుకుని 1-2తో ఓడాం. ఈ నెల 6న కోల్‌కతాలో, ఛెత్రి ఆఖరి మ్యాచ్‌లో, కువైట్‌తో 0-0. ఇక దోహా. ఆరు మ్యాచ్‌ల్లో మనం కొట్టినవి మూడు గోల్స్, అందులో ఒకటి పెనాల్టీ. మూడంటే మూడు!

గువాహటిలో ఆ మ్యాచ్ గెలిచి ఉంటే దోహాకు ఎనిమిది పాయింట్లతో వెళ్లేవాళ్లం. అప్పుడు ఖతర్‌తో ఓడినా మనమే ముందుకెళ్లేవాళ్లం. కువైట్ ఆఖరి మ్యాచ్‌లో అఫ్గానిస్థాన్‌ను 1-0తో గెలిచి ఏడు పాయింట్లతోనే మూడో రౌండుకు వెళ్లింది కదా. అసలు ఓడింది మార్చిలో, మన ఊళ్లో, మన జనం ముందు. ఆ రాత్రి నువ్వు రిమోట్ విసరలేదు, క్రికెట్ చూస్తున్నావు. దోహాలో రిఫరీ దొరికాడు కాబట్టి నీకూ, నాకూ, జట్టుకూ కూడా సులువైపోయింది. అతని తప్పు అతనికి ఉండనీ, మిగిలిన ఐదు మ్యాచ్‌ల లెక్క అతని ఖాతాలో రాయకు.

ఈ లెక్క చూడడం మన ఊరి మనిషి దగ్గరే నేర్చుకోవచ్చు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు విన్నావుగా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించిన కోచ్. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టునే యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. నాకప్పుడు ఆరేళ్లు, మా నాన్న చెప్పగా విన్నాను. మనవాళ్లలో చాలామంది చెప్పుల్లేని కాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. ఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డ్‌గా దించాడు. అతనూ ఒక గోల్ కొట్టాడు, పీకే బెనర్జీ ఒకటి. 2-1. మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఆ జట్టులోవాడే. నాకప్పుడు పదహారేళ్లు, ఇప్పుడు నీకున్న వయసుకు అటూ ఇటూ. స్వర్ణం వార్త పేపర్లో చూసి మా వీధిలో ఎవరి ఇంట్లోనూ ఆ పేపరు మిగల్లేదు, అందరం కత్తిరించుకున్నాం. మరుసటి ఏడాదే రహీమ్ పోయాడు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత మళ్లీ మనకు రాలేదు.

ఇది చదివి "పాత ముచ్చట్లు" అంటావు, తెలుసు. అను. నేను కోరేది ఒక్కటే: గువాహటి మ్యాచ్ మొత్తం దొరికితే మళ్లీ చూడు. రెండో సగం చూస్తూ, బంతిని మనవాళ్లు ఎన్నిసార్లు ఉత్త పుణ్యానికి వాళ్లకు అప్పగించారో గీతలు గీసుకో. సెలవుల్లో వచ్చినప్పుడు నా లెక్కతో సరిచూద్దాం. నేను మార్చిలోనే రాసిపెట్టుకున్నాను.

రిమోట్‌కు మాత్రం డబ్బు పంపను. బ్యాటరీల మూత ఊడిపోయి ఉంటే రబ్బరు బ్యాండు చుట్టి వాడుకోవచ్చు. మా ఇంట్లోదీ మార్చి నుంచి అలాగే పనిచేస్తోంది. మూత ఎలా ఊడిందో అమ్మమ్మను అడగకు.

మీ తాతయ్య