శ్రీలంక యుద్ధం గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. 1983 జూలైలో జాఫ్నా దగ్గర తిరునెల్వేలిలో ఎల్‌టీటీఈ (ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన సాయుధ సంస్థ) 13 మంది సైనికులను చంపడంతో మొదలుపెట్టి, వెంటనే కొలంబోలో తమిళుల ఇళ్ళు, దుకాణాలు తగలబడటానికి వచ్చావు. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కానీ అక్కడ మొదలుపెడితే అదంతా దెబ్బకు దెబ్బ అన్నట్టు తోస్తుంది. అంతకుముందరి ముప్పై అయిదేళ్ళు మరుగున పడిపోతాయి.

తేయాకు తోటల్లోని లక్షలాది భారత సంతతి తమిళులను ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చిన 1948 పౌరసత్వ చట్టాన్ని చదువు. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టాన్ని చదివేటప్పుడు, బ్రిటిష్ పాలనలో ఇంగ్లీషు చదువుల వల్ల ఉద్యోగాల్లో తమిళుల వాటా జనాభాకు మించి ఉండేదన్న సింహళుల ఫిర్యాదును కూడా దాచకుండా రాయి. అన్నిటికన్నా ఎక్కువ చోటు 1957 నాటి బండారనాయకే–చెల్వనాయకం ఒప్పందానికి, అంటే తమిళ ప్రాంతాలకు కొంత స్వపాలన ఇస్తానని ప్రధాని బండారనాయకే తమిళ నాయకుడు చెల్వనాయకంతో చేసుకున్న ఒప్పందానికి, ఇవ్వమంటాను. భిక్షువులు తన ఇంటి ముందు బైఠాయించగా ప్రధాని మరుసటి ఏడాదే దాన్ని రద్దు చేశాడు. చర్చలతో పని అవుతుందని నమ్మిన తమిళ పెద్దల మాట తరువాతి తరం యువకుల దగ్గర చెల్లకపోవడానికి బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం. (1959లో బండారనాయకే ఒక భిక్షువు చేతిలోనే హతుడయ్యాడు, దాన్ని కర్మఫలంగా రాసే తొందర పడకు.)

ఇరుపక్షాలను రెండు ముద్దలుగా చూడటం నీ వ్యాసంలోని మరో లోపం. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతం నుంచి 70 వేలకు పైగా ముస్లింలను వెళ్ళగొట్టింది. జాఫ్నాలో వారికిచ్చిన గడువు రెండు గంటలు. వారిలో చాలామంది పశ్చిమ తీరంలోని పుత్తళం శిబిరాల్లోనే ఏళ్ళకేళ్ళు గడిపారు. వారి ఊసే లేకుండా తమిళుల విముక్తి పోరాటమని రాస్తే అది సగం చరిత్రే.

అంకెల దగ్గర, అవి ఎవరు చెప్పినవో రాయి. యుద్ధం చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు.

వ్యాసాన్ని 2009 మే నెలలో, యుద్ధం ముగిసిన ముల్లివాయ్‌క్కాల్ దగ్గర ఆపేశావు. 2017 నుంచి ఉత్తరాన కిళినొచ్చిలో, యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన బిడ్డల ఫొటోలతో రోడ్డు పక్కన కూర్చున్న తల్లులు అందులోకి రావాలి. 1979లో తాత్కాలికమని తెచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టాన్ని ఇస్లామిక్ తీవ్రవాదులు జరిపిన 2019 ఈస్టర్ పేలుళ్ళ తరువాత ముస్లింల మీద ఎలా ప్రయోగించారో కూడా రావాలి. తిరగరాసి పంపు.