అలిగిన పుస్తకం ఏదైనా ఉందా?

పాఠకుల ప్రశ్నలకు ఒక పాత పంతులమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రీడింగ్ ఛాలెంజ్‌ల గురించే, అంటే ఒక అంశం ఇచ్చి దానికి తగ్గ పుస్తకం అందరూ చదివే పందేల గురించే. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో తెలుగు చెప్పి, రిటైరయ్యాక నల్లకుంటలో ఒక చదువరుల గుంపును నెట్టుకొస్తున్నదాన్ని కాబట్టి ఆ ఉత్తరాలన్నీ నా సంచిలోనే వేశారు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 16 మందిమి కలిసి మృగశిర నుంచి దసరా దాకా పుస్తకాలు చదవాలనుకుంటున్నాం. పోయినేడు నెట్‌లో దొరికిన లిస్టు పెట్టుకున్నాం. ఎర్ర అట్ట ఉన్న పుస్తకం, మంచు కురిసే ఊళ్లో జరిగే కథ, బీచ్‌లో చదవదగ్గది... ఇలా ఉన్నాయి. మూడో వారానికే గ్రూపు చల్లబడింది. మనకు పనికొచ్చే అంశాలు చెబుతారా?
(ఒక గృహిణి, మల్కాజిగిరి)

జవాబు: మీరొక్కరే కాదమ్మా, నేనూ ఆ గోతిలో పడ్డదాన్నే. మొదటి ఏడు శ్రావణమాసం కదా అని 'ఆకుపచ్చ అట్ట' అని అంశం ఇచ్చాను. మాలో ఒకావిడ చేతికందిన పుస్తకానికి మనవడి చార్టు పేపరు చుట్టి, నాలుగు వైపులా టేపు అంటించి పట్టుకొచ్చింది. "ఆకుపచ్చే కదండీ" అంది. విప్పి చూస్తే పచ్చళ్ల పుస్తకం. అందరం పడీ పడీ నవ్వాం గానీ, ఆ వారం చదివినదాని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. తప్పు ఆవిడది కాదు, నాది. అట్ట రంగు చెబితే జనం అట్టలే వెతుకుతారు. అంశం చెవిన పడగానే ఏ అరలో చెయ్యి పెట్టాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో తట్టాలి. అప్పుడే అది పనిచేస్తుంది.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ రోజు చేపలు తినాలంటారు కదా, రాంనగర్ చేపల మార్కెట్టు వైపు వెళ్లకండి, కాలు పెట్టే సందుండదు. అందుకే మొదటి అంశం తిండి మీద పెట్టండి. ఎవరైనా వండిన, తిన్న, ఆకలితో పడుకున్న కథ ఏదైనా సరే. మొదటి వారం తేలిగ్గా గడిచిపోవాలి.

తర్వాత రెండు వారాలకు ఆరుద్ర కార్తె. వాన పడ్డ మర్నాడు ఎర్ర మఖమల్ గుడ్డ కత్తిరించి నేల మీద చల్లినట్టు ఆరుద్ర పురుగులు తిరిగేవి. అగ్గిపెట్టెలో కాస్త గడ్డి వేసి వాటిని దాచుకునేవాళ్లం. మా గల్లీలో సిమెంటు పోశాక మళ్లీ నేను చూడలేదు. ఆ పురుగు పేరు మీద వంద పేజీలు దాటని పుస్తకం చదవమన్నాను. అంతకుముందు ఏడాది 'చిన్న పుస్తకం' అని ఇదే అంశం ఇస్తే ఎవరూ కదల్లేదు. 'ఆరుద్ర పురుగు' అనేసరికి ఏడుగురు అగ్గిపెట్టె సంగతులు మొదలుపెట్టారు. ఒకాయన అరచేతిలో పట్టే శతకం పట్టుకొచ్చి, గుప్పిట మూసి, తెరిచి చూపించాడు.

ఆషాఢం కొత్త కోడళ్లు పుట్టింటికి వెళ్లే నెల. ఆ నెలకు 'పుట్టింటి పుస్తకం' పెట్టుకోండి. అమ్మ దగ్గరో, అన్నయ్య బీరువా మీదో ఉన్న పుస్తకం తెచ్చుకుని చదవాలి. మగవాళ్లకూ పుట్టిల్లు ఉంటుందని ఈ అంశం పెట్టాకే మా గుంపులో కొందరికి గుర్తొచ్చింది.

ఆ నెలలోనే బోనాలు. నా లిస్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇక్కడి నుంచే వచ్చింది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం ఉంటుంది కదా. అమ్మవారు పూనిన ఒకామె పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. మా అంశం పేరు కూడా 'రంగం'. నవలను సరిగ్గా సగంలో ఆపెయ్యాలి. అందరి ముందూ నిలబడి, ఇక ముందు ఏం జరుగుతుందో చెప్పాలి. ఇంటికెళ్లి మిగతా సగం చదవాలి. మరుసటి వారం ఎవరి వాక్కు ఫలించిందో చూస్తాం. ఒకామె "ఈ పిల్ల ఆ ఇంట్లో ఉండదు, రైలెక్కుతుంది" అంది. నవలలో పిల్ల ఉండిపోయింది. "రచయితే తప్పు రాశాడు" అని ఆమె రెండు వారాలు వాదించింది. అంత టెన్షన్‌తో పుస్తకం చదవడం నేను బడిలో ఎన్నడూ చూడలేదు.

సెప్టెంబరుకు 'చింతచెట్టు'. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉంది. చెట్టో, నదో, వరదో మనిషంత ముఖ్యంగా ఉన్న కథ వెతకమనండి. వీలైతే అందరూ ఒకసారి ఆ చెట్టు కిందకు వెళ్లి రండి. ఆస్పత్రి కదా, గట్టిగా చదవొద్దు.

నాలుగు నెలలకు ఇలాంటివి ఆరో ఏడో చాలు. వారానికొకటి పెట్టారంటే అది చదువు కాదు, హోంవర్కు.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా గ్రూపులో బతుకమ్మ తొమ్మిది రోజులకూ తొమ్మిది పుస్తకాలని పెట్టారు. నేను తెలుగు మెల్లగా చదువుతాను. ఇంగ్లిష్ పుస్తకం లెక్కలోకి రాదంటున్నారు. మానెయ్యనా?
(ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మానెయ్యకు బాబూ. తొమ్మిది పుస్తకాలన్నవాళ్లే రెండో రోజుకు మానేస్తారు, చూస్తూ ఉండు. తొమ్మిది కథలు చాలని మీ అడ్మిన్‌తో చెప్పు. నేను చెప్పానని చెప్పు. ఇక భాష అంటావా, మా దగ్గర ఉర్దూ నవలలు చదివే ఒకాయన ఉన్నారు. ఆయన కథ తెలుగులో చెబుతుంటే మేం నోళ్లు తెరుచుకుని వింటాం. ఏ భాషలోనైనా చదువు, చెప్పడం మాత్రం తెలుగులో చెప్పు.

అంశాల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఆ తొమ్మిది పేర్లలోనే ఉన్నాయి. మొదటిది ఎంగిలిపూల బతుకమ్మ. ముందురోజే కోసుకొచ్చిన పూలతో పేరుస్తారు కాబట్టి ఆ పేరంటారు. ఆ రోజుకు ఇంకొకరు చదివేసిన పుస్తకం, అంటే సెకండ్‌హ్యాండ్‌ది చూసుకో. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద నేను 40 రూపాయలకు ఒక నవల కొన్నాను. మొదటి పేజీలో 'పెళ్లి కానుక, 1974' అని నీలం సిరాతో ఉంది. 27వ పేజీ దగ్గర చాకలి పద్దు కాగితం: చీరలు 4, ధోవతులు 2, దుప్పటి 1. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచుల దగ్గర మడతలు కోయకుండానే వచ్చేవి, చదివేవాళ్లే బ్లేడుతో కోసుకోవాలి. 112వ పేజీ తర్వాత మడతలు అలాగే ఉన్నాయి. ఆ పెళ్లికూతురు అక్కడితో ఆపేసింది. ఎందుకాపిందో! మిగతాది నేను బ్లేడు పెట్టి కోసుకుంటూ చదివాను.

అటుకుల బతుకమ్మకు పిల్లల కథ. ముద్దపప్పుకు ఇంట్లో రోజూ జరిగేలాంటి సాదా కథ. నానబియ్యానికి పాత కథ ఏదైనా. అవి కాస్త నానితేనే మెత్తబడతాయి, తొందరపడకు. అట్ల బతుకమ్మకు పల్చటి పుస్తకం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. నువ్వు కూడా ఏమీ చదవకు. సగంలో వదిలేసిన పుస్తకం ఒకటి తీసుకెళ్లి, దాని మీద ఎందుకు అలిగావో చెప్పు. మా గుంపులో మిగతా రోజులు నోరు మెదపనివాళ్లు ఆ రోజు మాత్రం ఆగరు. వేపకాయలకు చేదు కథ, వెన్నముద్దలకు తీపి కథ, ఈ రెండూ నీకు నేను చెప్పక్కర్లేదు. ఆఖరిది సద్దుల బతుకమ్మ. పెరుగు, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, ఇలా ఐదు రకాల సద్దులు కడతారు. ఐదుగురు ఐదు రకాల రచనలు తెచ్చి ఒక్కో పేజీ చొప్పున పైకి చదవండి. నీ వంతు పేజీకి పది నిమిషాలు పట్టినా ఎవరూ లేచిపోరు. సద్దులు అప్పటికింకా పంచి ఉండరు కదా.

ప్రశ్న: మా గ్రూపులో చదవకుండానే చదివామని పుస్తకం పట్టుకుని ఫొటోలు పెడుతున్నారు. ఎలా పట్టుకోవాలి?
(రిటైర్డ్ ఉద్యోగి, సనత్‌నగర్)

జవాబు: పట్టుకోకండి సార్. సర్వీసంతా తనిఖీలు చేసి ఉంటారు, ఇక్కడ కాస్త విశ్రాంతి తీసుకోండి. మా దగ్గర ఒకాయన అట్ట వెనక రాసింది మాత్రమే చదివి అరగంట మాట్లాడాడు. నిజంగా చదివిన మా అందరికంటే బాగా మాట్లాడాడు. తర్వాత సిగ్గేసి, ఇంటికెళ్లి పుస్తకం మొత్తం చదివాడు. ఫొటో బదులు ఒక్క ప్రశ్న పెట్టండి: ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి, లేచి మంచినీళ్లు తాగారు? చదవనివాళ్లు దీనికి అబద్ధం అల్లేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

ప్రశ్న: అంశాలు బాగానే ఉంటాయి, పుస్తకాలు కొనాలంటేనే భారం. లైబ్రరీలు ఇంకా ఉన్నాయా?
(ప్రైవేటు టీచర్, ఉప్పల్)

జవాబు: ఉండకేం! చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పోటీ పరీక్షల పిల్లలతో కిటకిటలాడుతుంది, మీరు పొద్దున్నే వెళ్లండి. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచీ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కోసం పట్టుబట్టినవాళ్లు పెట్టింది. దాన్నే ఒక అంశం చేసుకోండి: మీ అమ్మానాన్నలు పుట్టకముందు అచ్చయిన పుస్తకం ఒకటి ఏ లైబ్రరీలోనైనా కూర్చుని చదవాలి, ఇంటికి తీసుకురాకూడదు. ఖర్చు బస్సు చార్జీయే. ఆబిడ్స్, కోఠి ఫుట్‌పాత్‌లకు మాత్రం ఆకాశం చూసుకుని వెళ్లండి. మబ్బు పట్టిందంటే వాళ్లు టార్పాలిన్ కప్పేస్తారు. బేరం అప్పుడే బాగా తెగుతుందని మా తమ్ముడంటాడు గానీ, తడిసిన పుస్తకం ఇంటికొచ్చాక విచ్చుకోదు.

ప్రశ్న: అన్నీ పూర్తిచేసిన వాళ్లకు ఏం బహుమతి ఇస్తే బాగుంటుంది?
(అపార్ట్‌మెంట్ కమిటీ సభ్యురాలు, కూకట్‌పల్లి)

జవాబు: వచ్చే ఏడాది మొదటి అంశం ఇచ్చే హక్కు. మాకు ఈసారి గెలిచింది ఆ చార్టు పేపరావిడే. ఏం అంశం ఇస్తుందో ఇంకా చెప్పలేదు, "అట్ట మాత్రం మీరే వేసుకోవాలి" అని ఊరిస్తోంది.