పొగ ముందా, చప్పుడు ముందా?

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు వ్యాను కొన్న సంగతి మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. రాయచోటి నుంచి కడప మార్కెట్టుకు తెల్లవారుజామున టమోటాలు, కూరగాయలు వేస్తావని, డీజిల్ బండి, బాగా పాతదని, ఇంజన్ చప్పుడు చేస్తోందని, వెనక నల్లగా పొగ కొడుతోందని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఇంకొకరి కింద చేయకుండా సొంతంగా నిలబడాలని నీకు అనిపించినందుకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషం వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. నీ దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. అందుకే ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. పూర్తిగా చదువు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన చప్పుడు విన్నాను. ఫోన్‌లో పైపై టకటక మాత్రమే తెలుస్తుంది. ఇంజన్ అడుగు నుంచి వచ్చే బరువైన దెబ్బ అందులో సరిగ్గా పడదు. అది విని నేను ఏదీ తేల్చను. ఇంకెవరైనా విని "నాజిల్ పోయింది" అనో "ఇంజన్ దించాల్సిందే" అనో చెబితే, వాళ్ల మాట మీద డబ్బు పెట్టొద్దు. నాజిల్ అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొన.

మొదట నీకు బండి అమ్మినాయన దగ్గరికి పో. మర్యాదగా కూర్చుని ఒక్కటి అడుగు. పొగ ముందు మొదలైందా, చప్పుడు ముందు మొదలైందా? చాలామంది ఈ రెండింటినీ రెండు రోగాలుగా చూసి ఇద్దరు మనుషుల దగ్గర వైద్యం చేయిస్తారు. చాలాసార్లు ఒకటి ఇంకోదాన్ని కన్నదే. ఏది ముందో తెలిస్తే సగం దారి దొరికినట్టే. డీజిల్ పంపు ఎప్పుడైనా విప్పించావా, స్క్రూ ఏమైనా తిప్పించావా అని కూడా అడుగు. ఆ రెండో ప్రశ్న ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఆయిల్, నీళ్లు, బెల్టు, టైర్లు రోజూ పొద్దున చూసుకో. అది నీకు తెలిసిందే.

ఇక పొగ సంగతి. డీజిల్ ఇంజన్‌లో నిప్పు పెట్టే ప్లగ్గు ఉండదు. గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. గాలి తక్కువైనా, డీజిల్ ఎక్కువైనా, డీజిల్ మంచు తుంపరలా కాకుండా చుక్కలు చుక్కలుగా పడినా, సగం కాలి మసి అవుతుంది. నల్ల పొగంటే ఇంతే. నీలం పొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల వైపో వాల్వుల వైపో చూడాలి. తెల్ల పొగ చలి పొద్దున కాసేపు వచ్చి పోతే భయం లేదు. ఇంజన్ వేడెక్కినా ఆగకపోతే, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే ఇంజన్ తలకూ ఒంటికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించు.

సైలెన్సర్ చివర తెల్ల గుడ్డ పట్టుకుని కాస్త రేస్ ఇవ్వమను. గుడ్డ మీద మసి పొడిగా ఉండి దులిపితే రాలిపోతే, అది గాలీ డీజిలూ కుదరక వచ్చింది. జిడ్డుగా అంటుకుంటే ఆయిల్ కలిసింది. రూపాయి ఖర్చు లేని పరీక్ష, అయినా చేసేవాళ్లు తక్కువ.

పొడి మసి అయితే మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. మన వైపు ఎండాకాలం దుమ్ముకు కొత్త ఫిల్టర్ కూడా తొందరగా మూసుకుపోతుంది. బాగా నిండినదాన్ని గాలి కొట్టి మళ్లీ పెట్టొద్దు, కొత్తది వెయ్యి. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం పగిలిందేమో వేళ్లతో వంచి చూడు. పగులుంటే దుమ్ము నేరుగా లోపలికి పోయి పిస్టన్ ఆడే బోరును అరగదీస్తుంది.

ఇప్పుడు మీ పెద్దమామ సంగతి చెప్పాలి. ఆయన కుంటుతూ నడవడం నువ్వు చిన్నప్పటి నుంచి చూశావు. ఎందుకో ఎవరూ నీకు సరిగ్గా చెప్పి ఉండరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు ఆయన లేడు, నువ్వు అదే రోడ్డు మీద పాత వ్యాను తోలబోతున్నావు, కాబట్టి నేను చెప్పాలి.

అన్నకు ఒక పాత డీజిల్ వ్యాను ఉండేది. ఎండాకాలం ఇటుక బట్టీలకు తోలేవాడు. ఆ దుమ్ముకు ఫిల్టర్ నిండిపోయింది. పికప్ తగ్గింది, పొగ మొదలైంది. ఫిల్టర్ చూడకుండా రోడ్డు పక్కన ఒక షెడ్డులో ఆపాడు. అక్కడి మనిషి పంపు మీదుండే స్క్రూ తిప్పి డీజిల్ పెంచాడు. బండి గుర్రంలా లాగింది. పొగ ఇంకా ఎక్కువైందన్నది అన్న పట్టించుకోలేదు, లాగుతోంది కదా అనుకున్నాడు. గాలి అందని ఇంజన్‌కు ఇంకా డీజిల్ పోస్తే ఏమవుతుంది? కాలని డీజిల్ బోరు గోడల మీదున్న ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్క నుంచి కిందికి జారి ఇంజన్ అడుగునుండే చాంబర్‌లోని ఆయిల్‌లో కలిసింది. ఒక నాజిల్ కూడా అప్పటికే కారుతోంది. కొన్ని వారాలకు ఆయిల్ గేజ్ కడ్డీ తీసి చూసి, "ఈ ఇంజన్ చుక్క ఆయిల్ తాగడం లేదు, పైగా గీత దాటే ఉంది" అని మా నాయనతో గొప్పగా చెప్పాడు. ఆయిల్ పెరగడమంటే అందులో ఏదో చేరుతోందని! కడ్డీ ముక్కు దగ్గర పెట్టుకుని ఉంటే డీజిల్ వాసన తెలిసేది.

పలచబడిన ఆయిల్, ఇంజన్ అడుగున తిరిగే ఇరుసును మోసే బేరింగులను కాపాడలేదు. చప్పుడు మొదలైంది. చూసినవాళ్లంతా నాజిల్ చప్పుడన్నారు. మామిడి సీజన్ నడుస్తోంది, బండి ఆపితే బాడుగ పోతుంది. ఒక రాత్రి రాయచోటి వైపు నుంచి మామిడి లోడుతో ఘాట్ దిగుతుంటే ఆయిల్ లైట్ వెలిగింది. కిందికి దిగాక చూద్దామనుకున్నాడు. మలుపులో బేరింగ్ పట్టేసింది, ఇంజన్ ఆగింది, వెనక చక్రాలు జారాయి. క్లచ్ తొక్కితే బండి లోడు బరువుతో దొర్లింది. బ్రేకు మొదటిసారి పట్టింది, రెండోసారి గట్టిపడింది, ఆ తర్వాత రాయిని తొక్కినట్టే అయింది. లోయ వైపు పోకుండా కొండ వైపు తిప్పి గుద్దాడు. అందుకే ప్రాణం దక్కింది. కాలు మాత్రం మునుపటిలా కాలేదు.

ఆ ఇంజన్‌ను నేనే విప్పాను. చాంబర్ నుంచి కారింది ఆయిల్‌లా లేదు, నీళ్లలా ఉంది. బేరింగ్ పెంకులు అరిగి రాగి రంగు తేలాయి. ఎయిర్ ఫిల్టర్ మీద ఎర్రటి ఇటుక పొడి పేరుకుని ఉంది. అది చేతిలో పట్టుకుని షెడ్డులో చాలాసేపు కూర్చున్నాను. ఒక్క ఫిల్టర్ దగ్గర మొదలైంది ఎక్కడి దాకా పోయిందో చూడు. అందుకే పొగ ముందా చప్పుడు ముందా అని అంతగా అడుగుతున్నాను. అన్న బండిలో పొగ ముందు వచ్చింది. అది వచ్చిన రోజే ఆగి ఉంటే చప్పుడు దాకా పోయేదే కాదు.

కాబట్టి రేపు పొద్దునే, ఇంజన్ స్టార్ట్ చేయకముందు, ఆయిల్ కడ్డీ తీసి చూడు. నల్లగా ఉంటే కంగారు పడకు, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా తొందరగానే నల్లబడుతుంది. మట్టం గీత దాటి ఉందా, డీజిల్ వాసన వస్తోందా, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతోందా, ఇవి చూడు. అలా ఉంటే బండి స్టార్ట్ చేయొద్దు. పాల రంగు తేలితే నీళ్లు కలిశాయి, అప్పుడూ అంతే.

చప్పుడు వినే పద్ధతి చెబుతాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకో. భుజం మీద తువ్వాలు ఉండకూడదు, చొక్కా చేతులు మడిచి ఉండాలి, ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా నిలబడాలి. ఈ విషయంలో నేను ఎవరినీ క్షమించను, నిన్ను కూడా. పైన కవర్ దగ్గర సన్నగా టిక్ టిక్ మంటే వాల్వులను నొక్కే టాపెట్లు, గ్యాప్ సెట్ చేయిస్తే సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గితే పిస్టన్ బోరులో వదులైంది, అది వెంటనే ప్రాణం తీయదు. చక్ చక్ మని గాలి తన్నినట్టుంటే ఇంజెక్టర్ కూర్చునే చోట తారులాంటి నల్ల ముద్ద పేరుకుందేమో, పొగ బయటికి పోయే మ్యానిఫోల్డ్ అతుకు దగ్గర మసి చారలున్నాయేమో చూడు. ఇంజెక్టర్ కింద వాషరో, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్టో లీకైతే చప్పుడూ మసీ రెండూ అక్కడి నుంచే వస్తాయి. మ్యానిఫోల్డ్ లీకును నిర్లక్ష్యం చేయకు, ఆ పొగ క్యాబిన్‌లోకి వస్తే తెలియకుండానే మత్తు కమ్ముతుంది. అడుగు నుంచి బరువుగా దడ్ దడ్ మని వచ్చి, లోడు పడితే పెరిగితే, ఇంజన్ అక్కడికక్కడే ఆపేయ్. షెడ్డు దాకా తోలుకుపోదామనుకోవద్దు, లాగించుకుపో.

ఏ సిలిండరో తెలియాలంటే, ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేస్తారు. ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగి ఇంజన్ కుంటాలి. కుంటకపోతే అది ముందే పనిచేయడం లేదు. నట్టు వదిలినప్పుడు చప్పుడూ పొగా తగ్గితే కారణం అక్కడుంది. కానీ అది నాజిలా, లోపలి బేరింగా అన్నది అప్పుడే తేలదు, రెండింటికీ చప్పుడు తగ్గుతుంది. ఆ ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. చప్పుడు దాంతోపాటు పక్కకు పోతే నాజిల్, ఉన్నచోటే ఉంటే లోపలి పని. ఈ ఒక్క మార్పుతో ఎన్నో ఇంజన్లు అనవసరంగా దించకుండా ఆపగలిగాను. తిరిగి బిగించేటప్పుడు కొత్త రాగి వాషర్లు వేయాలి.

ఇది పాత రకం పంపు ఇంజన్‌కు మాత్రమే. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ పోయే కామన్ రైల్ ఇంజన్‌లో ఆ పైపులు ముట్టొద్దు, అందులో వెయ్యి బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది. పాత పంపు దగ్గరైనా చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టకు. కంటికి కనిపించని సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల కుళ్లి వేలే పోవచ్చు. ఎప్పుడైనా అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పుడే ఆసుపత్రికి పోవాలి.

బెల్టు గురించి మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే నా భయమంతా అక్కడే ఉంది. డీజిల్ బండిలో బ్రేకుకు సాయం చేసే వ్యాక్యూమ్, అంటే గాలి పీల్చే బలం, ఇంజన్ నుంచి ఊరికే రాదు, దానికి వేరే పంపు కావాలి. చాలా పాత వ్యాన్లలో అది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బెల్టు తెగితే చార్జింగ్ పోవడమే కాదు, బ్రేకు కూడా గట్టిపడుతుంది. ఇంజన్ ఆగినా అంతే, ఒకటి రెండు తొక్కులకే సాయం మిగిలి ఉంటుంది. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో ఇంజన్ ఆపి దిగేవాళ్లను, న్యూట్రల్‌లో వదిలేవాళ్లను చూసి నేర్చుకోకు. గువ్వలచెరువులో ఆగు, పాలకోవా తిను, చక్రాలు తాకకుండా దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడు, ఆయిల్ లైట్ చూడు, తక్కువ గేరులో దిగు. మార్కెట్టుకు కాస్త ఆలస్యమైతే ఏమీ కాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి ఒక మాట. బీఎస్ 4 (భారత్ స్టేజ్ అనే పొగ నిబంధనల్లో నాలుగో మెట్టు) కంటే పాత డీజిల్ బండ్లకు పొగ హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్ 4కు 50. పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత అది. పరీక్ష రోజు పంపు తగ్గించి, మర్నాడు పెంచుకోమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. నువ్వు ఆ పని చేయకు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. తెల్లవారుజామున లోడు ఎత్తే కూలీలు నీ సైలెన్సర్ పక్కనే నిలబడతారు. నాజిళ్లు, పంపు బెంచి మీద పెట్టించి క్యాలిబ్రేషన్, అంటే కొలతకు సరిచేయడం, చేయిస్తే ఖర్చవుతుంది, నిజమే. అది నేను పెట్టుకుంటాను, మీ అమ్మకు చెప్పకు.

వ్యాను చూపించడానికి కడపకు తోలుకురావద్దు. బేరింగ్ సంగతి తేలేదాకా అది ఘాట్ దిగకూడదు. శనివారం సాయంత్రం బస్సుకు నేనే రాయచోటి వస్తున్నాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బండి కదిలించకు, రాత్రంతా ఇంజన్ బాగా చల్లారాలి. చల్లటి ఇంజన్ మొదటిసారి తిరిగినప్పుడు చేసే చప్పుడు నేను నా చెవితో వినాలి. కొత్త ఎయిర్ ఫిల్టర్, నాలుగు రాగి వాషర్లు తెచ్చి పెట్టు. స్క్రూడ్రైవర్, స్పానర్లు నావి నేను తెచ్చుకుంటాను. ఆదివారం పొద్దున నేను చెప్పేదాకా తాళం తిప్పొద్దు.

ఇట్లు,
మీ మామ