శ్రీలంకలో ముందు చూడాల్సింది చెరువులు

శ్రీలంకలో ప్రకృతి, చరిత్ర రెండూ ఉన్న చోట్లు చెప్పమని అడిగారు. టూర్ ప్యాకేజీ ఏది తీసినా కొలంబో, క్యాండీ, నువారా ఎలియా తేయాకు తోటలు, బెంటోటా బీచ్ ఉంటాయి. అవి బాగుంటాయి. కానీ కలా వేవ చెరువు చూడనివాళ్ళు ఆ దేశాన్ని సగమే చూసినట్టు.

మాది నర్సంపేట వైపు. పాకాల చెరువు కట్ట మీద ఆడుకుని పెరిగాను కాబట్టి చెరువును చూసి అంత తేలిగ్గా ఆశ్చర్యపోను. దంబుల్లా నుంచి అనురాధపురం పోతూ కెకిరావలో ఆటో మాట్లాడుకుని, పొద్దు వాలే వేళకి కలా వేవ కట్ట ఎక్కాను. అక్కడ ఎండాకాలం. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట పచ్చిగడ్డి మొలిచింది, అందులో ఏనుగుల గుంపు. గున్న ఏనుగులు తల్లుల కాళ్ళ సందున దూరుతున్నాయి. ఇవతల ఒకాయన ఏమీ పట్టనట్టు ఒళ్ళు రుద్దుకుంటూ స్నానం చేస్తున్నాడు.

ఆటో అతను ఇంజిన్ ఆపి ధాతుసేనుడి కథ చెప్పాడు. 5వ శతాబ్దంలో ఈ చెరువు కట్టించిన రాజు. కొడుకు కాశ్యపుడు గద్దె లాక్కుని, దాచిన సొత్తు ఎక్కడని నిలదీశాడు. తండ్రి ఇక్కడికొచ్చి నీళ్ళు చూపించి, నాకున్న ఆస్తి ఇదే అన్నాడట. కొడుకు చంపించేశాడు. సిగిరియా కొండ మీద కోట కట్టుకున్నది ఆ కాశ్యపుడే. జనం టికెట్ కొని క్యూ కట్టేది కొడుకు కోటకి. తండ్రి చెరువు మాత్రం నేటికీ పొలాలు తడుపుతోంది. ఇక్కణ్ణుంచి అనురాధపురంలోని తిస్సా వేవ చెరువుకి 87 కిలోమీటర్ల కాలువ ఉంది. కాలువ మొదటి భాగంలో మైలుకి కొన్ని అంగుళాలే వాలు. ఏ యంత్రాలూ లేని రోజుల్లో అంత కచ్చితంగా తవ్వారు! మన దగ్గర శిఖం భూములు, అంటే చెరువు లోపలి భూములు, ప్లాట్లు అయిపోతుంటే ఎవరికీ పట్టదు. కాకతీయుల చెరువులని గొప్పలు చెప్పుకుంటాం, పూడిక తీయమంటే నిధుల్లేవంటాం. నాకు కడుపు మండుతుంది.

చెరువుకి దగ్గర్లోనే అవుకన బుద్ధుడు. 40 అడుగులకి పైగా ఎత్తు, ఒకే రాతిలో చెక్కారు. విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగకండి, అక్కడ అది పెద్ద తప్పు. అనురాధపురంలో స్తూపాల దగ్గర చెప్పులు విప్పి నడవాలి, మధ్యాహ్నం బండలు కాలిపోతాయి, సాక్సులు పెట్టుకోండి. సిగిరియా కూడా ఎక్కండి, కాకపోతే గేటు తెరవగానే వెళ్ళాలి. సముద్రమే కావాలంటే గాలె కోట చాలు. డచ్చివాళ్ళ గోడలు 2004 సునామీలో లోపలి ఊరిని కాపాడాయి.

ఏనుగులు కావాలంటే జూలై, ఆగస్టుల్లో వెళ్ళండి, అప్పుడు అక్కడ ఎండాకాలం. వానలు మొదలయ్యాక చెరువు నిండిపోతుంది, ఆ గడ్డి ఉండదు.